మూస్ వేటలో కష్టమెంత, దక్కేదెంత

ప్రశ్న: "మేం ముగ్గురం అలాస్కాలో, ఏంకరేజ్‌లో ఉంటాం. వచ్చే సెప్టెంబర్‌లో మొదటిసారి మూస్ వేటకి వెళ్దామనుకుంటున్నాం. రైఫిల్ బాగానే కాలుస్తాం, రోజూ జిమ్‌కి వెళ్తాం. కానీ ఎవరిని అడిగినా 'చాలా కష్టం' అనే అంటున్నారు. అంత కష్టం ఎక్కడుంది? అంత పడితే చివరికి మిగిలేదేంటి?"

తమ్ముడూ, ఫెయిర్‌బ్యాంక్స్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఇరుగుపొరుగు వాళ్లతో కలిసి ఏటా వేటకి వెళ్తాను. మీ ప్రశ్నలో రైఫిల్ ఉంది, జిమ్ ఉంది, మాంసం ఊసే లేదు. కష్టమంతా ఉన్నది మాంసం దగ్గరే. దక్కేది కూడా అక్కడే.

ముందు బరువుల సంగతి చూడండి. మూస్ అంటే జింకల జాతిలో అన్నిటికన్నా పెద్దది, మూస్‌లలో అన్నిటికన్నా పెద్దవి మన అలాస్కావే. ఎదిగిన మగది 1,200 నుంచి 1,600 పౌండ్లు తూగుతుంది, అంటే సుమారు 550 నుంచి 725 కిలోలు. నల్లమలలో తిరిగే పెద్ద కణుజులు రెండింటిని కలిపినా దీనికి సరితూగడం కష్టం. పెద్ద మగ మూస్ పడితే ఎముకలు తీసేసిన మాంసమే 500 పౌండ్ల దాకా వస్తుంది. మనిషికి 60 పౌండ్ల చొప్పున వీపు మీద వేసుకున్నా తొమ్మిది మోతలు. కొన్ని యూనిట్లలో (వేట కోసం రాష్ట్రాన్ని విడదీసిన ప్రాంతాల్లో) తొడలు, జబ్బలు, పక్కటెముకలు ఎముకతో సహా బయటికి తేవాలని రూలు ఉంది. అప్పుడు, కొమ్ములతో కలిపి, పన్నెండు మోతలనుకోండి. ముగ్గురు కాబట్టి తలా నాలుగు. మూస్ పడిన చోటు నుంచి పడవ దాకా ఒక మైలు ఉంటే ఒక్కొక్కరూ ఎనిమిది మైళ్లు నడవాలి, అందులో సగం బరువుతో.

ఎనిమిది మైళ్లేగా అనుకుంటారు. అది రోడ్డయితే నిజమే. ఇక్కడి చిత్తడి నేలల్లో మోకాలెత్తు గడ్డి దుబ్బులుంటాయి, వాటి మధ్య నీళ్లు. దుబ్బు మీద కాలేస్తే అది పక్కకి ఒరుగుతుంది, మధ్యలో వేస్తే కాలు దిగబడుతుంది. వీపు మీద మూస్ తొడ ఉన్నప్పుడు పడితే ఒంటరిగా లేవలేరు, ఇంకొకరు వచ్చి చెయ్యందించాలి. జిమ్‌లో ట్రెడ్‌మిల్ దీనికి పనికిరాదు. బ్యాక్‌ప్యాక్‌లో ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాలు రెండు పెట్టుకుని, ఏదైనా గుట్ట ఎక్కి దిగండి. వారం వారం చెయ్యండి, ఆగస్టుకి మూడో బస్తా పెట్టండి. దిగేటప్పుడు మోకాళ్లు ఏం చెప్తాయో వినండి. అసలు పరీక్ష దిగేటప్పుడే.

అందుకే ఇక్కడి పాతకాపులు చోటు ఎంచుకునేటప్పుడు మూస్ ఎక్కడుంది అని కాకుండా, పడితే ఎలా తెస్తాం అని ఆలోచిస్తారు. నది ఒడ్డు నుంచి మైలు దాటి లోపల ఎంత గొప్ప మగది కనిపించినా చూసి ఆనందించి వదిలేస్తారు. నీళ్లలో నిలబడ్డ మూస్‌ని కాల్చరు. మొలలోతు చల్లటి నీళ్లలో ఆ బరువుని పక్కకి దొర్లించడం కూడా మనుషుల వల్ల కాదు. తోలు తీయడం ఆ తర్వాతి మాట. అది గట్టెక్కేదాకా ఓపిక పట్టండి. ఎక్కకపోతే పోనీండి.

ఇక ఎదురుచూపు. ఇది వేరే రకం కష్టం, దీని గురించి ఎవరూ ఎక్కువ చెప్పరు. సెప్టెంబర్ మొదట్లో మగవాటి కొమ్ముల మీది మెత్తటి పొర ఊడిపోతుంది. జత కట్టే కాలం ముదిరేది నెలాఖరులో, అక్టోబర్ మొదట్లో. మన ఇంటీరియర్‌లో, అంటే అలాస్కా మధ్య ప్రాంతంలో, చాలా యూనిట్లలో సీజన్ అంతకుముందే ముగుస్తుంది. అంటే మగవి పూర్తిగా రెచ్చిపోయి పిలుపుకి పరుగెత్తుకొచ్చే రోజులు మనకి దక్కవు. ఆడ మూస్‌లా ముక్కుతో దీర్ఘంగా మూలుగుతాం. ఎండిన మూస్ జబ్బ ఎముకతో, అది లేకపోతే పడవ తెడ్డుతో, పొదల్ని గీకుతాం. ఇంకో మగది కొమ్ములు రుద్దుతోందని అది అనుకోవాలి. ఆ తర్వాత కదలకుండా కూర్చోవాలి. వెంటనే వచ్చేవి తక్కువ. ఉదయం పిలిస్తే సాయంత్రం వచ్చేవి ఉంటాయి, మర్నాడు వచ్చి మీరు లేని చోట నిలబడి వాసన చూసి పోయేవీ ఉంటాయి. అంత పెద్ద జంతువు, అంత వెడల్పు కొమ్ములు, అయినా విల్లో పొదల్లోంచి చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. వానలో, చలిలో, ఫోన్ సిగ్నల్ లేని చోట అలా కూర్చోవడం మన ఐటీ వాళ్లకి మోత కన్నా కష్టం. మొదట వెనక్కి వెళ్దామనేవాడు మీ ముగ్గురిలో ఎవడో ఇప్పుడే తేల్చుకోండి.

కనిపించగానే కాల్చెయ్యడానికి లేదు. అలాస్కాలో 26 వేట యూనిట్లున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రూలు. చాలా చోట్ల కొమ్ముల నిబంధన ఉంటుంది: ఒక పక్కనైనా ఒకటో రెండో కొనలే ఉన్న కుర్ర మగది, లేదా కొమ్ముల వెడల్పు 50 అంగుళాలు ఉన్నది, లేదా నుదుటి వైపు కొనలు ఒక పక్కన యూనిట్‌ని బట్టి మూడో నాలుగో ఉన్నది. మధ్య వయసు మగవాటిని సంతానం కోసం వదలాలన్నది ఆలోచన. 1980లలో కెనాయ్ ద్వీపకల్పంలో మొదలైంది. పొదల మధ్య, మసక వెలుతురులో, గుండె దడదడలాడుతుంటే 50 అంగుళాలు ఎవరికీ సరిగ్గా కనిపించవు. అప్పుడు 46 కూడా 60లా ఉంటుంది. అందుకని వెడల్పుని నమ్మకండి, బైనాక్యులర్స్‌తో నుదుటి కొనలు లెక్కపెట్టండి. లెక్క తేలకపోతే కాల్చొద్దు. తప్పుడు మూస్‌ని కాలిస్తే మీరే వెళ్లి చెప్పాలి. మాంసం శుభ్రంగా కోసి అప్పగించాలి, కేసూ జరిమానా సరేసరి. మోత మాత్రం ఏమీ తగ్గదు.

రూల్స్‌లో ఇంకో రెండు గుర్తుంచుకోండి. చిన్న విమానంలో దిగిన రోజు వేటాడకూడదు, మర్నాడు తెల్లవారుజామున మూడు దాటాలి. మామూలు ఎయిర్‌లైన్స్‌కి ఇది వర్తించదు. కొమ్ములు మాంసం కన్నా ముందు అడవి దాటకూడదు. ఈ రెండో రూలు నాకు చాలా ఇష్టం. కొమ్ముల కోసం వచ్చి మాంసం కుళ్లబెట్టి పోయేవాళ్లని ఆపడానికి ఇంతకన్నా తిన్నని దారి లేదు. మెడ, ఛాతీ, పక్కటెముకల మధ్య కండతో సహా తినదగ్గ మాంసమంతా తేవాల్సిందే, లేకపోతే నేరం.

(వాహనాల సంగతి కూడా చదువుకుని వెళ్లండి. జాన్ స్టర్జన్ అనే ఆయన 2007లో అలాస్కాలోని నేషన్ నది మీద హోవర్‌క్రాఫ్ట్‌లో (గాలి మెత్త మీద తేలుతూ పోయే బండిలో) మూస్ వేటకి వెళ్తుంటే పార్క్ రేంజర్లు ఆపారు. ఆయన కోర్టుకెక్కి, 2016లో ఒకసారి, 2019లో ఇంకోసారి అమెరికా సుప్రీంకోర్టులో గెలిచాడు. పన్నెండేళ్లు! అంత తీరిక మనకి లేదు కాబట్టి మామూలు పడవలో వెళ్దాం.)

కాల్చడం గురించి ఎక్కువ చెప్పను. మీ దగ్గర థర్టీ-ఆట్-సిక్స్ లాంటి రైఫిల్ ఉంటే చాలు, ఫిరంగి అక్కర్లేదు. పక్కకి తిరిగి నిలబడ్డప్పుడు ఊపిరితిత్తుల మీదికి. మూస్ జింకలా ఎగిరిపడదు. తగిలినా ఏమీ కానట్టు నిలబడుతుంది, రెండడుగులు వేస్తుంది. తగల్లేదేమో అని మీకు టెన్షన్ వస్తుంది. ఇంకా నిలబడే ఉంటే ఇంకోటి వెయ్యండి. దాన్ని బాధపెట్టకుండా ఉండడం మన బాధ్యత, గుండు ఖర్చు చూసుకోకూడదు.

ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. ముందు ఒక కాలుకి తాడు కట్టి చెట్టుకి బిగించండి, అది దొర్లకుండా ఉంటుంది. పక్కకి పడుకోబెట్టి, వెన్ను మీద నుంచి తోలు చీల్చి కిందికి ఒలిచి, ఆ తోలునే పరుపులా నేల మీద పరవండి. మట్టీ ఆకులూ మాంసానికి అంటవు. ముందు జబ్బకి ఎముక కీలు లేదు, కండ కోస్తే ఊడి వస్తుంది. తొడ దగ్గర తుంటి కీలు దొరకాలి. దొరికితే కత్తి మొనతో అయిపోతుంది, దొరక్కపోతే రంపం పట్టుకుని చెమటలు కక్కుతారు. వెన్ను పక్క మాంసం, మెడ, పక్కటెముకల కండ తీశాక రెండో పక్కకి తిప్పండి. లోపలి మెత్తటి కండని మరిచిపోకండి, ముగ్గురూ కొట్టుకునేది దానికోసమే. మగదని చూపే ఆధారం తొడకి అంటుకునే ఉండాలని చాలా చోట్ల రూలుంది, ఉత్సాహంగా కోసి పారెయ్యకండి. అలవాటున్న ఇద్దరికి ఇది సగం పూట పని. కొత్తవాళ్లకి చీకటి పడుతుంది. అలసిపోయిన చేతుల్లో పదునైన కత్తి ఉంటుంది కాబట్టి, వేటలో రక్తం కారే గాయాలు ఎక్కువగా ఇక్కడే అవుతాయి. ఒకరు కోస్తుంటే ఇంకొకరు కాలు పట్టుకోండి. ఇద్దరూ ఒకేసారి కత్తులు ఆడించొద్దు. మూడోవాడు ఎలుగుబంటి కోసం చూడాలి.

అవును, ఎలుగుబంట్లు. పేగుల వాసనకి గ్రిజ్లీ ఎలుగు ఎక్కడి నుంచైనా వస్తుంది. మాంసాన్ని పేగుల కుప్ప నుంచి వందడుగులో రెండొందల అడుగులో కాదు, ఇంకా దూరంగా, దూరం నుంచే కనిపించే బహిరంగ చోటుకి మార్చండి. తిరిగి మోతకి వచ్చేటప్పుడు గాలి ఎటుందో చూసుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ రండి. దాని మీద ఎలుగు కూర్చుని ఉంటే మాంసం దానిదే, మీరు వెనక్కి తగ్గండి. మాంసం కాపాడుకోవడానికని ఎలుగుని కాల్చడానికి మామూలు వేటగాడికి చట్టం ఒప్పుకోదు. బేర్ స్ప్రే (ఎలుగు మీదికి కొట్టే కారం స్ప్రే) ముగ్గురి నడుముకీ ఉండాలి, బ్యాగ్ అడుగున కాదు.

మాంసం పాడవడానికి ఎలుగు కన్నా పెద్ద శత్రువు వేడి. చలి దేశం కదా, ఏమవుతుందిలే అనుకోకండి. సెప్టెంబర్ మధ్యాహ్నాలు బాగానే వెచ్చగా ఉంటాయి. ఆ మందపాటి తొడలో ఒంటి వేడి గంటల తరబడి దిగదు. ముందు పులిసిపోయేది తుంటి ఎముక చుట్టూ ఉన్న మాంసమే. తోలు ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. ప్లాస్టిక్ సంచుల్లో ఎప్పుడూ వెయ్యకండి. బట్ట సంచుల్లో వేసి, నీడలో కర్ర మీద వేలాడదీసి, పైన టార్పాలిన్ పందిరిలా కట్టండి, పక్కలనుంచి గాలి ఆడాలి. పైన ఎండిన పొర కడితే ఈగలు ఏమీ చెయ్యలేవు. సిట్రిక్ యాసిడ్ నీళ్లలో కలిపి చల్లడం కూడా పనిచేస్తుంది. తడిసిందా, ఆ పొర కరిగి మళ్లీ మొదటికొస్తుంది. వాన పడే రాత్రి మనం తడిసినా ఫర్వాలేదు, టార్పాలిన్ మాంసానికే.

ఇంత చేస్తే ఏం మిగులుతుంది అన్నారు. డబ్బు లెక్క వేస్తే ఏమీ మిగలదు, నిజం చెప్పాలి. అలాస్కా నివాసికి లైసెన్స్ 45 డాలర్లు, మూస్ టికెట్ ఉచితం. బయటి రాష్ట్రం వాళ్లకి లైసెన్స్ 160, మూస్ ట్యాగ్ 800. కానీ పడవ, పెట్రోలు, ట్రైలర్, సెలవులు కలిపితే, విమానం మాట్లాడుకుంటే ఇంకా చెప్పక్కర్లేదు, కాస్ట్‌కోలో మంచి మాంసం అంతకన్నా చవకగా వస్తుంది. చవక కోసమైతే వెళ్లకండి.

మిగిలేది ఫ్రీజర్ నిండా మాంసం, దానితో పాటు ఊరితో సంబంధం. అలాస్కాలో మూస్ మాంసం అమ్మకూడదు, కొనకూడదు. ఈ మాంసానికి ధర లేదు కాబట్టి, చేతులు మారాలంటే ఇవ్వడమొక్కటే దారి. ఇచ్చేటప్పుడు మీరు కొట్టిన మూస్ అని ఒక చిన్న కాగితం మీద సంతకం పెట్టి ఇస్తారు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఎంతోమందిని నేను ఎరిగింది ఆ కాగితాల వల్లే. పడవ ఇచ్చినవాడికి ఒక జబ్బ, మోతకి వచ్చినవాడికి తొడలో సగం, ఈసారి వెళ్లలేకపోయిన ముసలాయనకి వెన్ను మాంసం. 65 దాటిన అలాస్కా నివాసి తరఫున ఇంకో నివాసి వేటాడడానికి ప్రాక్సీ పద్ధతి కూడా ఉంది, వేటాడలేని పెద్దవాళ్లకి చెయ్యగలిగిన పనుల్లో ఇది గొప్పది.

ఈ నేల మీద ముందు నుంచి ఉన్న అథబాస్కన్ ప్రజల దగ్గర ఇది ఇంకా లోతుగా ఉంటుంది. ఎవరైనా పోతే పాట్‌లాచ్ అని ఊరందరికీ విందు పెడతారు, మన పెద్దకర్మ భోజనం లాంటిది. అందులో మూస్ మాంసం ఉండి తీరాలి. 1975లో మింటో గ్రామంలో ఒక యువకుడు చనిపోతే, ఆ విందు కోసం సీజన్ కాని సమయంలో మూస్‌ని కొట్టారు. కేసు పెట్టారు, శిక్ష పడింది. 1979లో అలాస్కా సుప్రీంకోర్టు ఆ శిక్షని కొట్టేసింది. చావు విందుకి మూస్ మాంసం వాళ్ల మతాచారంలో భాగమని, దాన్ని రాజ్యాంగం కాపాడుతుందని చెప్పింది. మనం వారాంతపు సరదాగా చూసే జంతువు ఇక్కడివాళ్లకి ఏమిటో ఆ తీర్పు చదివితే తెలుస్తుంది. నది మీద ఊళ్ల పక్క నుంచి వెళ్లేటప్పుడు పడవ నెమ్మదిగా పోనివ్వండి, వాళ్ల వేట చోట్ల దగ్గర గుడారం వెయ్యకండి.

వంట సంగతి కూడా చెప్పాలి, మనవాళ్లు చాలామంది ఇక్కడే పాడుచేస్తారు. మూస్ మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు. మేకమాంసంలా నూనెలో ఎర్రగా వేపుతూ కూర్చుంటే చెప్పులా తయారవుతుంది. వెన్ను మాంసాన్ని నారకి అడ్డంగా పల్చగా కోసి, మిరియాలు, నెయ్యి వేసి రెండు నిమిషాల్లో దింపెయ్యండి. తొడ మాంసం కుక్కర్లో పెట్టి ఇగురు చెయ్యొచ్చు. సీసాలో గోంగూర పచ్చడి ఉంటే చివర్లో కలపండి, ఆ పులుపు దీనికి బాగా పడుతుంది. మెడ, నల్లి ఎముకలు పులుసుకి. మిగతాదంతా కీమా ఆడించి పెట్టుకోండి, చలికాలం పొడుగునా అక్కరకొచ్చేది కీమానే. మా ఇంట్లో ఉప్పు, పసుపు, కారం పట్టించి ఫుడ్ డ్రయ్యర్‌లో ఎండబెడతాం. అదే ఉప్పుకండం. తెలంగాణ మిత్రులు ఒట్టి తునకలంటారు, వాళ్లు చేసినదే మాకన్నా బాగుంటుందని ఒప్పుకోవాలి. ఒక మూస్‌కి పదిహేను క్యూబిక్ అడుగుల ఫ్రీజర్ కావాలి. వేట ముందే కొనండి, వచ్చాక కాదు.

మీలో ఎవరైనా హెచ్-1బి మీద ఉంటే ఇది తప్పకుండా చదవండి. ఆ తరహా వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, కానీ అది ఎలా వర్తిస్తుందో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ముందుకెళ్లొద్దు. అలాస్కాలో వరుసగా 12 నెలలు ఉంటేనే నివాసి కింద లెక్క. అమెరికా పౌరులు కాక, అమెరికాలో స్థిర నివాసమూ లేక వచ్చేవాళ్లు రిజిస్టర్డ్ గైడ్ లేకుండా పెద్ద జంతువుల్ని వేటాడకూడదు. ఇంకో మాట, మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి, ఇక్కడి ఫొటోలు ఊళ్లోని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టే ముందు కాస్త ఆలోచించండి. మా అమ్మ మొదటిసారి అడిగింది, "పోలీసులు పట్టుకోరా నాన్నా?" అని.

నా సలహా అడిగితే, వచ్చే సెప్టెంబర్‌లో మీ ముగ్గురూ సొంతంగా వెళ్లకండి. చలికాలంలో రోడ్డు మీద కార్లు ఢీకొట్టి చచ్చిపోయే మూస్‌లని ఇక్కడ పారెయ్యరు, దానం కోసం సేవా సంస్థలకి, చర్చిలకి ఇస్తారు. అర్ధరాత్రి ఫోన్ వస్తే వెళ్లి కొయ్యడానికి వాళ్లకి మనుషులు కావాలి. చేరండి. మంచులో, లైటు వెలుగులో రెండు మూస్‌లు కోస్తే కీళ్లు ఎక్కడున్నాయో చేతికి తెలిసిపోతుంది. ఆ తర్వాత సెప్టెంబర్‌లో ఎవరైనా అనుభవజ్ఞుడి పడవలో మోతకి వెళ్లండి. తుపాకీ మీ చేతిలో ఉండదు కాబట్టి వీసా తలనొప్పి కూడా లేదు. ఊరికే మొయ్యడానికి వస్తామంటే వద్దనేవాడు నాకు ఇంతవరకు తగల్లేదు, వాటా మాంసం కూడా ఇస్తారు. బూట్లు మాత్రం ఇప్పుడే కొనండి, చీలమండ దాకా వచ్చేవి కాదు, తొడల దాకా వచ్చే హిప్ బూట్లు. బియ్యం బస్తాల నడకప్పుడు అవే వేసుకుని తిరగండి, పొక్కులేవో ఇంటి దగ్గరే వచ్చిపోతాయి.